పెద్దకోడలు పెట్టిన కుప్పలు

జాతరకు వచ్చిన చుట్టాలు పెద్దకోడలి ఇంట్లో తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, చిన్నకోడలి ఇల్లు చూడబోయారు. పెద్దకోడలు ధనలక్ష్మి గొంతులో ముల్లు దిగింది ఆనాడే.

దురాజ్‌పల్లి గుట్ట సూర్యాపేటకు దగ్గర. రెండేళ్లకోసారి అక్కడ లింగమంతుల జాతర జరిగితే గొల్లల ఇండ్లలో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. సైదులు ఇల్లు సూర్యాపేటలోనే కాబట్టి, అతని వైపు చుట్టమన్న ప్రతి మనిషీ గుట్ట దిగి నేరుగా వాళ్లింటికే వస్తాడు. యాటపోతు తెగేది అక్కడే, భోజనాల బంతి లేచేది అక్కడే. సైదులు మేళ్లచెరువు దిక్కు సిమెంటు లారీ నడుపుతాడు. ఇంటి పట్టున ఉండే రోజులు తక్కువ. అందుకని ఆ పెద్దరికమంతా అతని పెండ్లాం ధనలక్ష్మిది. ఎవరికి తలకాయ కూర వడ్డించాలో, ఎవరిని గోడవారగా కూర్చోబెట్టాలో ఆమెకు తెలుసు. ఎంత మంది ఉన్నా ఆమె గొంతే పైన వినపడేది.

ఈసారి ఆడబిడ్డ ఈశ్వరమ్మ ఇస్తరి మడిచి లేస్తూనే అందరినీ లేపింది.

"ఇగ నడువున్రే. తుఫాన్ బండి తయారుగుంది. మిర్యాలగూడకు పోయి తమ్ముని ఇల్లు సూద్దాం."

"కూసో వదినా, చాయ్ పెడ్తున్న," అంది ధనలక్ష్మి.

"చాయ్ ఆడనే తాగుతంలే. ఫోన్ల ఫొటోలు సూస్తేనే నా కండ్లు సెదిరినయి. పాత సామానుతోని ఇల్లు గంత మంచిగ పెట్టుకునుడు ఏడ నేర్సిందో ఏమో కల్పన!"

బండి పోయింది. వాకిట్లో ఎంగిలి ఇస్తర్లు, వాటి మీద ఈగలు, ఒక మూలన కాళ్లు చాపుకుని వక్క నములుతున్న అత్త మైసమ్మ మిగిలారు. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేకుండా అయినప్పటి నుంచీ మైసమ్మ ఆధార్ కార్డు కొంగున కట్టుకుని పెద్దకొడుకు ఇంటికీ చిన్నకొడుకు ఇంటికీ కవ్వంలాగా తిరుగుతుంది. ఎక్కడా చల్ల పూర్తిగా చిలకదు.

"నువ్వు పోలేదేంది అత్తమ్మా?"

"నేనెందుకు పోవాలె బిడ్డా? ఆ సామాను నడుమనే గదా నేను ముసలిదాన్నయింది."

ఆ మాటతో ముల్లు ఇంకొంచెం లోపలికి దిగింది. ఎందుకంటే ఆ సామాను చిన్నకోడలు కల్పనకు పోయేట్టు చేసింది ధనలక్ష్మే.

గరిడేపల్లి దగ్గర ఊళ్లో వాళ్ల పాత పెంకుటిల్లు ఉండేది. ఒక వానాకాలం వెనక గోడ కూలింది. అన్నదమ్ములు సైదులు, సుధాకర్ ఇల్లు తీసేద్దామనుకున్నారు, సామాను పంచుకుందామనుకున్నారు. పంపకానికి వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు రెండు కుప్పలు పెట్టాలి. చిన్నవాళ్లు ముందుగా ఏరుకోవాలి. మిగిలింది పెద్దవాళ్లది. ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెట్టేవాడు ధర్మంగా పెడతాడని పెద్దలు అట్లా నియమం చేశారు. పెద్దలు ధనలక్ష్మిని చూసి ఉంటే ఇంకో నియమం చేసేవాళ్లు.

సైదులు లారీ మీద ఉన్నాడు. "నువ్వే పెట్టెయ్," అని ఫోన్లో అనేశాడు. ధనలక్ష్మి కొంగు నడుముకు చుట్టి, ముందరింట్లో బండల మీద రెండు కుప్పలు పెట్టింది. ఒక దిక్కు ఇత్తడి బిందెలు, గుండిగలు, తాంబాళం, స్టీలు బీరువా, ఫ్రిజ్జు. ఇంకో దిక్కు చెదలు తిన్న పట్టెమంచం, మూత సరిగా పడని సందుగ, గడప నుంచి ఊడదీసిన పెద్ద తలుపు, మచ్చలు పడ్డ నిలువుటద్దం, పోయిన మామ కప్పుకున్న నల్ల గొంగడి. కండ్లున్నవాడెవడైనా ఇత్తడే ఏరుకుంటాడు. ఆఖరికి మామ పడకకుర్చీ మిగిలింది. అక్కడ ఆమె బుర్ర పనిచేసింది. సుధాకర్ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆ కుర్చీలోనే తండ్రి పొట్ట మీద నిద్రపోయేవాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. ధనలక్ష్మి ఆ కుర్చీని ఎత్తి చెత్త కుప్ప మీద పెట్టింది. గాలానికి ఎర్ర గుచ్చినట్టు.

సుధాకర్ వచ్చాడు. బీరువా వైపు చూడనే లేదు. నేరుగా పోయి కుర్చీ కట్టె మీద చెయ్యి వేశాడు. కల్పన ఇత్తడి వైపు ఒక్కసారి చూసి, మొగుడి మొహం చూసి, "ఇదే తీస్కుంటం అక్కా," అంది. ధనలక్ష్మి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు ఆ ఇత్తడి సజ్జ మీద నల్లబడి ఉంది. ఫ్రిజ్జు మరుసటి ఎండాకాలానికే చచ్చింది. కల్పన మాత్రం గరుకు కాగితంతో ఆ కట్టెను ఎన్ని నెలలు రుద్దిందో, ఎంత అవిసె నూనె తాగించిందో గానీ, పైపైనే చెదలు తిన్న ఆ కట్టె టేకని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

జాతర అయిన కొన్నాళ్లకు ధనలక్ష్మి జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కింది. కల్పన ఇంట్లోనే మిషను పెట్టి జాకెట్లు కుడుతుంది, సుధాకర్ రైసు మిల్లులో గుమాస్తా. కాబట్టి జాకెట్టు మంచి సాకు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడితే అరికాళ్లకు చల్లగా తగిలింది. ఆమె పట్టించుకోలేదు. కళ్లు అప్పటికే సామాను మీద మేస్తున్నాయి.

తలుపు భోజనాల బల్ల అయింది. నాలుగు కాళ్లు పెట్టి పైన అద్దం పరిచారు. అద్దం కింద ఇత్తడి బొడిపెలు, పాత గొళ్లెం అట్లాగే కనిపిస్తున్నాయి. సందుగ సోఫా ముందర పెట్టే టీపాయ్ అయింది, కానీ సోఫా లేదు. పట్టెమంచమే సోఫా. దాని మీద తెల్లటి పరుపు, చేత్తో కుట్టిన దిండ్లు. నిలువుటద్దం మచ్చలు పోలేదు. ఆ మచ్చలతోనే అదేదో రాజుల ఇంటిదిలాగా ఉంది. మామ గొంగడి గోడకు వేలాడుతోంది. గొంగడి! గొర్ల వాసన కొట్టే గొంగడి! కిటికీ దగ్గర పడకకుర్చీ.

"మంచిగ పెట్టినవే," అంది ధనలక్ష్మి. ఆ రెండు ముక్కలూ పంటి కింద రాళ్లలాగా నలిగాయి.

"ఏం మంచిగ అక్కా, తుడవలేక సస్తున్న. సందులల్ల దుమ్ము," అంది కల్పన, కొలతల టేపు మెడలో వేసుకుని. అని కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వే ధనలక్ష్మికి గిట్టలేదు. బాహాటంగా పొగరు చూపినా ఇంత బాధ ఉండేది కాదు.

తిరిగి వచ్చిన వారానికే అసలు దెబ్బ పడింది. ఈశ్వరమ్మ ఫోను చేసింది. ఆమె కూతురు నందినికి ఓణీల ఫంక్షన్. వాళ్ల ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆడబిడ్డ కూతురికి మొదటి బట్ట కట్టేది పెద్ద మేనమామ ఇంట్లో. పీట వేసేది పెద్దత్త.

"వదినా, నువ్వేం అనుకోవద్దు. ఈ ఒక్కసారికి కల్పనోళ్ల ఇంట్ల పెడ్దామనుకుంటున్నం. నందినిని ఆ మంచం మీద కూసోపెడ్తే ఫొటోలు మంచిగొస్తయంట. ఫొటోలాయన జెప్పిండు."

"ఫొటోలాయన చెప్తే ఆనవాయితీ మారుతదా వదినా?"

"గట్ల కాదు... నీ ఇంట్ల ఆ ప్లాస్టిక్ కవరు సోఫాలేనాయె. కూసుంటే కరకర అంటది, వీడియోల ఇనపడతది."

ఫోను పెట్టేసి ధనలక్ష్మి సోఫాను చూసింది. కొన్ననాటి కవరు ఇంకా విప్పలేదు. మాసిపోతుందని విప్పలేదు. ఇప్పుడు ఆ కవరు కిందనే అది మాసినట్టు కనిపించింది. ఓణీ తన ఇంట్లో కట్టకపోతే రేపు జాతరకు గుట్ట దిగినవాళ్లు కూడా మిర్యాలగూడ బండే ఎక్కుతారు. పెద్దకోడలన్న మాట కాగితం మీద మిగులుతుంది.

మర్నాడు కోదాడ పోయింది. హైవే పక్కన పాత కలప దుకాణం. ఇండ్లు పడగొట్టినవాళ్లు తెచ్చి అమ్మిన తలుపులు, స్తంభాలు, కిటికీలు దవాఖానలో రోగుల్లాగా గోడకు ఆనుకుని ఉన్నాయి. ఓనరు ప్రేమ్‌కుమార్‌ది ఆంధ్ర కలిసిన మాట.

"రండమ్మా, రండి. ఏం చూపించమంటారు?"

"పాతయి గావాలె. బగ్గ పాతయి."

"మీకు ఎంత పాతవి కావాలంటే అంత పాతవి చేసిస్తామండీ."

"చేసిస్తరా?"

"అబ్బే, చూపిస్తామండీ," అని అతను మాట దిద్దుకున్నాడు. "మీది ఏ ఊరండీ? సూర్యాపేటా? మిర్యాలగూడ నుంచి కల్పన గారని ఒకావిడ వస్తుంటారు, తలుపు బందులకీ గొళ్లేలకీ. ఆవిడ చెక్క మీద గోటితో కొట్టి, చప్పుడు విని టేకో కాదో చెప్పేస్తారండీ. అంత నేర్పరి."

ఇక్కడ కూడా కల్పనే. ధనలక్ష్మి గోటితో ఒక కుర్చీని కొట్టింది. గోటి చప్పుడు మాత్రమే వినపడింది. అయినా తల ఊపింది.

"ఇవి జమీందారు గారి బంగళాలోవండీ. పులి పాదాల కుర్చీలు. ఇట్టాంటివి ఆ కల్పన గారి దగ్గర కూడా లేవు."

ఆ చివరి మాటకే బేరం తెగింది. పులి పాదాల కుర్చీలు రెండు, చెక్కుడు పువ్వుల అద్దం బల్ల ఒకటి సూర్యాపేట చేరాయి. ప్లాస్టిక్ కవరు సోఫాకు అటొకటి ఇటొకటి కుర్చీలు వేసి ధనలక్ష్మి ఈశ్వరమ్మను పిలిపించింది. మైసమ్మ అప్పటికే అక్కడుంది.

ఈశ్వరమ్మ కుర్చీ చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"ఎవలదంట వదినా ఈ కుర్చీ?"

"జమీందారుదంట."

"ఏ జమీందారు?"

ధనలక్ష్మి దగ్గర పేరు లేదు. దుకాణంలో అడగాలని తోచలేదు.

"మనకు జమీందార్లు ఎప్పటి సుట్టాలు వదినా?" అని ఈశ్వరమ్మ కిసుక్కున నవ్వింది. మైసమ్మ వక్క గొంతుకడ్డం పడేట్టు నవ్వింది. నవ్వాక ఈశ్వరమ్మ గొంతు మెత్తబడింది. "కల్పన ఇంట్ల ఆ తలుపు సూడంగనే నాకు ఏడ్పొచ్చింది వదినా. సిన్నప్పుడు ఆ గొళ్లెం అందక గడప మీద నిలవడి ఏడుస్తుంటి. ఇప్పుడు ఆ గొళ్లెం మీద అన్నం గిన్నె పెట్టుకొని తిన్న. ఈ కుర్చీలకేం తెలుసు, మనమెవలమో?"

"ఎవడు కూసున్నడో, ఎవడు దాంట్ల పోయిండో," అని మైసమ్మ తన వంతు కలిపింది. "నేనైతే కూసోనమ్మా." చాప తెచ్చుకుని కింద కూర్చుంది.

ఆ రోజు ధనలక్ష్మికి ఒకటి అర్థమైంది. కోదాడలో ఎన్ని కొన్నా లాభం లేదు. మూగ సామాను అది. మాట్లాడే సామాను ఒక్కచోటే ఉంది. అది తన చేత్తో తీసి అవతల కుప్పలో వేసింది. అన్నం ముందు కూర్చుంటే ఆ తలుపు గుర్తొచ్చేది, తల దువ్వుకుంటుంటే ఆ మచ్చల అద్దం గుర్తొచ్చేది. సజ్జ మీద ఇత్తడి కనిపిస్తే దాన్ని చూసి తిట్టేది, అదేదో తనను మోసం చేసినట్టు.

ఒక ఆదివారం మొగుడికి చెప్పకుండా మిర్యాలగూడ పోయి, చెప్పులు విడవకముందే అనేసింది.

"ఆ పాలు చెల్లయి."

సుధాకర్ పేపరు కింద పెట్టాడు. "ఏ పాలు వదినా?"

"పాత ఇంట్ల పంచుకున్న పాలు. ఇంటి తలుపు పెద్దకొడుక్కు రావాలె. మంచం అత్తమామలు పండిన మంచం, అది గూడ పెద్దోళ్లకే. నాకప్పుడు తెల్వక కలిపి పెట్టిన."

"కుప్పలు పెట్టింది నువ్వే గదా వదినా! మేమేమన్నా ముట్టినమా?"

"అందుకే గదా సెప్తున్న, తప్పు పెట్టిన్నని!"

"చెదలు పట్టిన్నాడు ఎవలదీ కాదు. నూనె పెట్టినంక పెద్దకొడుకుదైందా?" సుధాకర్ లేచి నిలబడ్డాడు. కల్పన మిషను ఆపింది. కిటికీ దగ్గర పడకకుర్చీలో కునుకుతున్న మైసమ్మ కన్ను తెరిచింది. అంతా విన్నదని ఆ కన్ను చూస్తేనే తెలుస్తోంది.

"కొట్లాటెందుకురా? మల్ల పంచుకోన్రి. అయితే బిడ్డా ధనమ్మా, ఒకసారి పెద్దది పెట్టింది, సిన్నది ఏరుకుంది. ఈసారి సిన్నది పెడ్తది. నువ్వు ఏరుకో. ఏమంటవ్?"

ధనలక్ష్మి తల ఊపింది. ముందుగా ఏరుకునే వంతు తనది. అంతకంటే ఏం కావాలి?

సుధాకర్ ఏదో అనబోయాడు. కల్పన అతన్ని వంటింట్లోకి తీసుకుపోయింది. లోపల గుసగుసలు వినిపించాయి, తర్వాత గిన్నె చప్పుడు. కల్పన ముందు అందరికీ చాయ్ ఇచ్చింది. తర్వాత మొగుడూ పెండ్లాం కలిసి సామాను జరిపారు. మంచం, తలుపు బల్ల, సందుగ, అద్దం, గోడ మీది గొంగడి అన్నీ ఒక దిక్కు పెట్టారు. మైసమ్మను లేపి పడకకుర్చీ ఒక్కటే ఇంకో దిక్కు పెట్టారు.

"అంతే అక్కా. ఏరుకో."

ధనలక్ష్మి నిలబడిపోయింది. పెద్ద కుప్పను చూసింది. ఒంటి కుర్చీని చూసింది. ఇంత సులువుగా ఎవరిస్తారు? తను కుప్పలు పెట్టిన నాడు ఎర్ర ఎక్కడ గుచ్చిందో ఆమెకు గుర్తే. ఈ కల్పన ఎర్ర ఎక్కడ గుచ్చింది? పెద్ద కుప్పలోనా? కుర్చీలోనా? ఆమె కుర్చీ దగ్గరికి పోయి గుడ్డ ఎత్తి కింద చూసింది, కట్టెల సందుల్లో వేలు పెట్టింది.

"ఇందుల ఏముంది?"

"ఏముంటది అక్కా? మామ కూసున్న గుంట ఉంటది."

"మరి ఇదొక్కటే ఎందుకు పక్కకు పెట్టిన్రు?"

"అది నేను ఇడువను వదినా," అన్నాడు సుధాకర్ గోడ వైపు తిరిగి. "అప్పుడూ ఇడువలేదు, ఇప్పుడూ ఇడువను. అది నీ కండ్లవడొద్దని మిగిలిందంతా ఇటు పెట్టినం."

నిజమే చెప్పాడు. నిజం చెప్పేవాడి మీద ధనలక్ష్మికి ఎన్నడూ గురి లేదు. అయినా చెయ్యి పెద్ద కుప్ప వైపే పోయింది. వదలడానికి చెయ్యి ఒప్పుకోలేదు.

"ఇది."

"సరే అక్కా," అంది కల్పన. తలుపు బల్ల అద్దం మీద మరకను కొంగుతో తుడిచి వదిలేసింది. అది చూసి ధనలక్ష్మి కడుపు మొదటిసారి నిండింది.

ట్రాలీ ఆటోలో సామాను సూర్యాపేట వచ్చింది. మంచం గుమ్మంలో పట్టలేదు, కాళ్లు ఊడదీసి లోపలికి దూర్చి మళ్లీ బిగించారు. సోఫాను గోడకు నెట్టారు. పులి పాదాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తలుపు బల్ల వేస్తే కొత్త ఫ్రిజ్జు తలుపు సగమే తెరుచుకుంటోంది. అద్దం పెట్టడానికి గోడే మిగలక దాన్ని టీవీ ముందర నిలబెట్టారు. గొంగడిని మేకుకు తగిలిస్తే రంగు గోడ మీద అది ఆరేసిన బట్టలాగానే ఉంది. సైదులు లారీ దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇది ఇల్లా, కోదాడ దుకాణమా?"

"నీకేం తెల్సు? ఇట్లనే పెడ్తరు ఇప్పుడు."

"మరి నేనేడ పండాలె?"

"మీ అయ్య మంచం తెచ్చిన గదా, దాని మీద పండు."

పండుకున్నాడు. కాళ్లు చాపితే బల్లకు తగిలాయి, ముడుచుకుని పండుకున్నాడు.

అయితేనేం, ఈశ్వరమ్మ ఫోను చేసింది. "మంచం నీ ఇంటికొచ్చిందంట గదా వదినా. ఇగ ఫంక్షన్ గూడ నీ ఇంట్లనే. ఆనవాయితీ ఆనవాయితే." ధనలక్ష్మి ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది, మొదటిసారి వినపడనట్టు నటించి.

పిలుపులు మొదలయ్యాయి. దగ్గరివాళ్లను ఫోన్లో పిలిస్తే మాట వస్తుంది, గడపకు పోయి బొట్టు పెట్టి పిలవాలి. ధనలక్ష్మి పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె చేత పట్టుకుని మిర్యాలగూడ బయలుదేరింది. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే బొమ్మ ఆడింది. వట్టి ఇల్లు. బోసి గోడలు. ఒక మూలన కుర్చీ. కల్పన మొహం వాడిపోయి ఉంటుంది. "అయ్యో, ఇల్లు బోసిపోయిందే," అని ఎట్లా అనాలో కూడా గొంతు సర్దుకుని పెట్టుకుంది.

చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టింది.

ఇల్లు బోసిగానే ఉంది. పరదా తీసిన కిటికీలోంచి ఎండ నేల మీద పరుచుకుని ఉంది. నేల నున్నగా, నీలం కలిసిన బూడిద రంగులో, వాన ఆగిన చెరువులాగా మెరుస్తోంది. హాలంతా ఆ నేలే. కిటికీ దగ్గర పడకకుర్చీ, దాని నీడ నేల మీద పొడుగ్గా పడి ఉంది. ఇంకేమీ లేదు. గాలి ఒక గుమ్మంలోంచి వచ్చి ఇంకో గుమ్మంలోంచి అడ్డం లేకుండా పోతోంది.

జాకెట్టు కొలతలకు వచ్చిన ఈశ్వరమ్మ, నందిని అక్కడే ఉన్నారు. నందిని ఆ కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకు ఆన్చి వేళ్లు కదుపుతోంది. ఈశ్వరమ్మ ఫోనుతో ఫొటోలు తీస్తోంది. మైసమ్మ నేల మీద చాప కూడా లేకుండా చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది.

"పెద్దత్తమ్మా, ఈడ కాళ్లు పెట్టి సూడు, ఎంత సల్లగుందో!" అంది నందిని.

"నిజం వదినా," అంది ఈశ్వరమ్మ ఫోను దించకుండా. "ఆ సామాను ఉండంగ ఈ నేల కండ్లవడనే లేదు. ఓణీ మీ ఇంట్లనే కడ్తం, అది ఆనవాయితీ. ఫొటోలు మాత్రం ఒకపూట ముందుగాల్నే ఈడ తీపిచ్చుకుంటం. ఫొటోలాయన వచ్చి సూసి పోయిండు. గిసొంటి నేల యాడ దొరకదన్నడు."

ధనలక్ష్మి గొంతులో సర్దిపెట్టుకున్న మాట ఎక్కడికి పోయిందో పోయింది. అరికాళ్ల నుంచి చల్లదనం మోకాళ్లకు ఎక్కుతోంది. తన ఇంటి టైల్సు గుర్తొచ్చాయి. పాలపొడి రంగువి, తడి కాలు పెడితే జారేవి. ఆ టైల్సు కూడా ఇప్పుడు సామాను కింద కనపడవు.

కల్పన మిషను మీద నుంచి లేచి వచ్చింది. మొహం వాడలేదు. వాడినా తేరుకుంది.

"కూసో అక్కా. కుర్చీ ఒక్కటే, నందిని లేస్తది."

"ఈ బండలు... యాడియి?"

"పాత ఇంటియే అక్కా."

"పాత ఇంటియా?"

"అవ్. తాత మేళ్లచెరువు దిక్కు నుంచి బండ్ల మీద తెచ్చిన్రంట. ఇల్లు తీసినంక జేసీబీ ఆయన పారబోస్తున్నడని ఈయన పోయి ఏరుకొచ్చిండు. అత్తమ్మ కడిగి కడిగి నున్నగైనయి గదా, పాలిష్ గూడ పెట్టలే."

ధనలక్ష్మి మనసులో ఆ ముందరిల్లు మెదిలింది. కొంగు నడుముకు చుట్టుకుని అటు ఇత్తడి, ఇటు కట్టె పెడుతున్న తను. అడిగింది.

"ఇవి ఏ కుప్పల ఉండె?"

కల్పనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు.

"ఏ కుప్పల లేవు అక్కా. వీటి మీదనే గదా నువ్వు కుప్పలు పెట్టింది."

మైసమ్మ పడుకున్నచోటు నుంచే గురక ఆపి అంది: "బిడ్డా, పిలువనీకె వచ్చినవా, ఊరికెనే వచ్చినవా? బొట్టు పెట్టవేంది?"

ధనలక్ష్మి భరిణె మూత తీసింది. కల్పన చెయ్యి తుడుచుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. కుంకుమ వేలు ఆమె నొసటికి ఆనిస్తూ ధనలక్ష్మి తల దించింది. తోడికోడండ్లు కలిశారని ఈశ్వరమ్మ మురిసి ఆ బొమ్మ కూడా ఫోనులో పట్టింది. ఫొటోలో చూస్తే అది ఒద్దికలాగానే ఉంటుంది. ధనలక్ష్మి చూస్తున్నది మాత్రం కల్పన పాదాల కింది బండను.